శిల్పి పేరు ఎక్కడ?

(చేతుల చరిత్ర – 9)



మా వీరులపాడు నుంచి నందిగామ మీదుగా జగ్గయ్యపేట వెళ్తే ధనంబోడు అనే దిబ్బ ఉంది. అది బౌద్ధ స్తూపం. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడి శిల్పాలు మద్రాసు మ్యూజియానికి వెళ్ళిపోయాయి. మాంధాత చక్రవర్తి ఫలకం ఫొటో మీరు పుస్తకాల్లో చూసే ఉంటారు. ఈ రోజు చెప్పేది ఆ చక్రవర్తి గురించి కాదు. అక్కడి స్తంభాల మీద ఉన్న ఒక పనివాడి పేరు గురించి.

ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం. అంటే క్రీ.శ. 3వ శతాబ్దం. సిద్ధార్థుడనే ఆయన ఆ చైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. శాసనంలో తనను తాను 'ఆవేసని' అని చెప్పుకున్నాడు. శిల్పుల పనిశాలలో మేస్త్రి అన్నమాట. తండ్రి నాకచందుడు కూడా ఆవేసనే. తల్లి, భార్య, కొడుకు పేర్లు కూడా రాయి మీదకెక్కాయి. అందులో రాజు పేరు కాలం చెప్పడానికి వచ్చింది. దానం మాత్రం పనివాడిది. ఇప్పటి మాటలో ఆయన్ని ఆర్ట్ డైరెక్టర్ అనుకోండి.

బుద్ధుడి నీడలో పనివాడు తన పేరు తానే చెక్కుకున్నాడు. తర్వాత ఏమైంది?

తర్వాత తోలు వచ్చింది. తెర, దీపం, కదిలే బొమ్మ: తోలుబొమ్మలాట మన మొదటి యానిమేషన్. తోలు ముట్టుకున్న మనిషిని ఊరు వెలి వేసింది. అదే తోలును పలచగా గీకి, రంగులద్ది, దీపం ముందు నిలబెడితే రాముడన్నారు, దండం పెట్టారు. తోలుబొమ్మకు భక్తి, తోలుపనికి అంటు. ఈ దేశంలో కళను, పనిని విడగొట్టింది ఇక్కడే.

ఇప్పుడు సినిమాకు వద్దాం. 1957లో 'మాయాబజార్'. కళ: గోఖలే, కళాధర్. మాధవపెద్ది గోఖలే గుంటూరు జిల్లా మనిషి, మద్రాసులో చిత్రకళ చదివాడు, కమ్యూనిస్టు, మంచి కథకుడు. 1951లో 'పాతాళభైరవి'కి కూడా ఈ ఇద్దరే. కంప్యూటర్ లేని రోజుల్లో తెలుగువాడి కల ఎలా ఉండాలో గీసిన చేతులవి. ఆ గౌరవంలో నాకు ఏ తకరారూ లేదు. అయితే వాహినీ స్టూడియోలో 50 అడుగులకు 60 అడుగుల జాగాలో 300 బుల్లి ఇళ్ళతో ద్వారక కట్టారంటారు. లైట్‌మెన్, వడ్రంగులు, పెయింటర్లు అందరూ కలిసి 400 మంది ఆ సినిమాకు పనిచేశారంటారు. ఆ ద్వారకలో ఒక్క ఇంటికైనా కట్టినవాడి పేరుందా? కృష్ణుడి ఊరు మనకు గుర్తుంది. సున్నం కలిపినవాడు గుర్తు లేడు.

ఇది మన దగ్గరి రోగమేనా అంటే, కాదు. అక్కడ కులం పాత్ర జాతి పోషించింది. టైరస్ వాంగ్ 1910లో చైనాలో పుట్టాడు. చైనావాళ్ళు రాకూడదని అమెరికా చట్టం చేసుకున్న కాలం. 1920లో దొంగ పేరుతో తండ్రి వెంట ఓడ దిగాడు. తండ్రి నుంచి విడదీసి ఏంజెల్ ఐలండ్‌లో పెట్టారు. తర్వాత ఒక ఆర్ట్ కాలేజీలో చదువుతూ అక్కడే గదులు ఊడ్చాడు. 1938లో డిస్నీలో చిన్న పనికి చేరాడు: ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య బొమ్మలు నింపడం. 'బాంబీ' సినిమాకి అడవి ఎలా ఉండాలో తేలక అందరూ తంటాలు పడుతుంటే, మంచులో కరిగినట్టుండే చెట్లు గీసి చూపించింది ఈయనే. సినిమా మొత్తం ఆ చూపులోనే తయారైంది. 1941 సమ్మె తర్వాత ఉద్యోగం పోయింది. 1942లో సినిమా వచ్చింది. టైటిల్స్‌లో ఆయన ఉత్త బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్టు. డిస్నీ సంస్థ ఆయన్ని 'లెజెండ్' అన్నది 2001లో, 90 దాటాక! 106 ఏళ్ళు బతికాడు కాబట్టి ఆ మాట చెవిన పడింది. 60 ఏళ్ళకే పోయినవాళ్ళ సంగతేంటి?

పేరుతోనే ఆగిపోయే గొడవ కాదిది. ఆర్ట్ డైరెక్టర్ కుర్చీలో కూర్చున్నవాళ్ళు రాక్షసుడి రంగు, పేదోడి ఇల్లు, మంచి పిల్లాడి ముఖం నిర్ణయిస్తారు. హైదరాబాదులోనే తయారై 2008 నుంచి టీవీలో వస్తున్న 'ఛోటా భీమ్' మన పిల్లలందరికీ తెలుసు. అందులో భీముడితో పోటీపడి ఓడిపోయే పిల్లాడి పేరు కాలియా. హిందీలో నల్లోడని. మన వాడలో టీవీ ముందు కూర్చున్న నల్ల పిల్లాడు తనను భీముడనుకోవాలా, కాలియా అనుకోవాలా? ఆ పేరు పెట్టిన బల్ల దగ్గర మన పిల్ల ఒక్కతి ఉంటే ఏమనేది? యానిమేషన్ చదువంటే ఫీజు, కంప్యూటర్, నగరంలో గది. బొమ్మలేసే చేతులు మన పేటల్లో నిండా ఉన్నాయి. ఆ బల్ల దాకా వెళ్ళే దారే లేదు.

చివరగా మన ఇంటి సంగతి. ఏప్రిల్ 14న ఆవిష్కరించిన బాబాసాహెబ్ విగ్రహాల కింద శిలాఫలకాలు చదవండి. ఎమ్మెల్యే గారి పేరు, సర్పంచ్ గారి పేరు, దాతల పేర్లు, కమిటీ సభ్యుల పేర్లు. బొమ్మ చేసినవాడి పేరు? ఊరు మన పేర్లు చెరిపిందని అడిగే మనం, మన పనివాడి పేరు ఎందుకు వదిలేస్తున్నాం? వచ్చే ఏప్రిల్ 14కి ఫలకం రాయించే కమిటీల్లో మీలో చాలామంది ఉంటారు. దాతల కంటే పైన, శిల్పి పేరు, ఆయన ఊరు పేరు చెక్కించండి. రంగులేసినవాళ్ళవి కూడా. 1700 ఏళ్ళ కిందట జగ్గయ్యపేటలో జరిగిన పనే ఇది.

వచ్చే ఆదివారం: డప్పు కట్టినవాళ్ళు.

జై భీమ్.