మేస్త్రి మాట, కంపెనీ కాగితం

లారీ డ్రైవర్ లారీ ఓనర్ కావడం తెలుగునాట ఒకప్పుడు వింత కాదు. పదేళ్లు ఇంకొకరి బండి తోలి, నాలుగు డబ్బులు వెనకేసుకుని, పాత బండి ఒకటి కొని దాని మీదే బతికిన కుటుంబాలు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి. ఇది ఎలా సాధ్యమైందని అడిగితే ఫైనాన్స్ కంపెనీల పేరు చెబుతారు, 1975లో వచ్చిన నేషనల్ పర్మిట్ సంగతి చెబుతారు. రెండూ నిజమే. అయితే వాటికంటే ముందు చెప్పుకోవలసింది రిపేరు గురించి. బండి ఎక్కడ ఆగినా అక్కడి మనుషులే, తెలిసిన ఖర్చుతో, వాయిదాల మీద బాగుచేసి పంపగలిగారు కాబట్టే ఒక్క బండివాడు ఓనర్‌గా నిలబడ్డాడు. ఆ పని వీధిలోని షెడ్డు నుంచి కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తరలిపోతున్న కొద్దీ అతని కాళ్ల కింద నేల కదులుతోంది. కొత్త బండితో కంపెనీ ఇచ్చే వారంటీ అనే కాగితాన్ని ఈ చరిత్రలో పెట్టి చూస్తేనే అది ఎవరికి రక్షణో, ఎవరికి కాదో తేలుతుంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మన రోడ్ల మీద తిరిగినవి డాడ్జ్, ఫార్గో, బెడ్‌ఫోర్డ్, షెవ్రొలె బళ్లు. విడిభాగాలు పెట్టెల్లో వస్తే ఇక్కడ బిగించేవారు. పూర్తిగా ఇక్కడే తయారు చేసే ఏర్పాటు ఉన్న కంపెనీలే ఉండాలని 1953లో ప్రభుత్వం తేల్చేసరికి జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి. 1954లో టాటాల టెల్కో, డైమ్లర్ బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం మీద జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది. 1955లో మద్రాసు దగ్గర ఎన్నూరులో అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్‌గా మారింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు తెలుగువాళ్లకు లారీ అంటే దాదాపు ఈ రెండే. 1969లో ఒప్పందం ముగిసి ముందు జాలీ మీద బెంజ్ నక్షత్రం పోయి ‘టి’ అక్షరం వచ్చిందే కానీ, లోపలి ఇంజిన్ మాత్రం అదే వంశం. పోటీ లేక, లైసెన్సుల కట్టడిలో బండి మారకుండా ఉండిపోవడాన్ని ఆర్థికవేత్తలు తప్పుపట్టారు. కొనేవాడి వైపు నుంచి అది న్యాయమైన విమర్శే. కానీ ఆ నిలకడ మెకానిక్‌కు బడి అయింది. పన్నెండేళ్ల వయసులో షెడ్డులో చేరినవాడు ఒకే ఇంజిన్‌ను వందలసార్లు దించి ఎక్కించి, ముప్పై ఏళ్లకు కళ్లు మూసుకుని బిగించే మేస్త్రి అయ్యాడు.

ఈ విద్యకు బెజవాడలో ఒక ఊరే ఏర్పడింది. మద్రాసు-కలకత్తా రోడ్డు, హైదరాబాదు-బందరు రోడ్డు కలిసే చోటు అది. డెల్టా బియ్యం, నూజివీడు మామిడి, గుంటూరు మిర్చి అన్నీ ఆ చుట్టుపక్కల నుంచే కదలాలి. ఊళ్లో వీధుల వెంట పెరిగిన షెడ్లకు చోటు చాలక, 1960ల్లో పటమట వైపున జవహర్ ఆటోనగర్ వెలిసింది. ఆటోనగర్ అనే మాట తర్వాత గుంటూరు, గాజువాక, నెల్లూరు వరకూ సామాన్య నామంగా వాడుకలోకి వచ్చింది. అక్కడ ఒక షెడ్డు ఒక పనికే. బోరు కొట్టేవాడు వేరు, క్రాంక్ గ్రైండింగ్ వేరు, పంపు కాలిబ్రేషన్ వేరు, కమాన్ కట్టలు వేరు, రేడియేటర్ వేరు, ఎలక్ట్రీషియన్ వేరు. కంపెనీ నుంచి ఉత్తి ఛాసిస్‌గా వచ్చిన బండికి చెక్కా ఇనుమూ పెట్టి బాడీ కట్టేవాళ్లు ఇంకొక లోకం. పాత బళ్లు విప్పి సామాను అమ్మే కొట్లు మరో వీధి. కొత్త గేర్ కొనలేనివాడికి పాత గేర్, అదీ కొనలేనివాడికి పళ్లు నింపి చెక్కిన గేర్ దొరికేవి. రిపేరు ఖర్చు ఇలా ముక్కలు ముక్కలుగా విడిపోవడమే చిన్న ఓనర్‌కు ప్రాణాధారం. చేతిలో ఎంత ఉంటే అంత పని చేయించుకుని రోడ్డెక్కేవాడు.

జబ్బు కనిపెట్టడం కూడా చేతి పనే. ఆరు సిలిండర్లలో ఒకటి కొట్టడం లేదనుకుంటే మేస్త్రి ఇంజిన్ ఆన్‌లో పెట్టి, స్పానర్‌తో నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటే కొద్దిగా వదులు చేసేవాడు. డీజిల్ బయటికి చిమ్మగానే ఇంజిన్ శ్రుతి తగ్గితే ఆ సిలిండర్ బాగున్నట్టు. ఎంత వదిలినా చప్పుడు మారకపోతే జబ్బు అక్కడే. పరికరమంటే పది రూపాయల స్పానర్, ఒక చెవి. పక్కన నిలబడిన డ్రైవర్‌కూ ఆ తేడా వినిపించేది, కాబట్టి మేస్త్రి చెప్పింది నిజమో కాదో అతనికీ తెలిసేది. బోరు కొట్టించిన ఇంజిన్ పొగ వేస్తే బండి మళ్లీ అదే షెడ్డుకు వచ్చేది, మేస్త్రి కూలీ లేకుండా విప్పేవాడు. రాతకోతలు లేని వారంటీ ఇది. పక్క షెడ్డులో పదిమంది మేస్త్రులున్న చోట మాట తప్పినవాడికి రేపు పని ఉండదు కనుక అది నిలబడింది.

1979లో మద్రాసులో మొదలైన శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్, బ్యాంకులు దూరం పెట్టిన సెకండ్ హ్యాండ్ లారీలకు అప్పులిచ్చి పెద్ద సంస్థ అయింది. పాత బండి తాకట్టు మీద అప్పు ఇవ్వడం వెనుక ఒక నమ్మకం ఉంది: పదేళ్ల బండికైనా ప్రాణం పోయగల షెడ్లు ప్రతి హైవే మీదా ఉన్నాయని. ఫైనాన్స్ చరిత్ర రాసేవాళ్లు ఈ షెడ్లను వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ బండికి విలువ నిలిపింది ఆ షెడ్లే.

మార్పుకు తొలి సూచన 1980లలోనే కనిపించింది. జహీరాబాదులో హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు తెచ్చింది. జపాన్ బళ్ల సామాను, కొలతలు షెడ్డుకు కొత్త. అయినా అవీ స్పానర్‌కు లొంగే యంత్రాలే కాబట్టి కొన్నేళ్లలో నేర్చుకున్నారు. అసలు తెగతెంపు కామన్ రైల్ అనే, కంప్యూటర్ నడిపే డీజిల్ పద్ధతితో వచ్చింది. పాత నాజిల్ రెండు వందల బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకునేది. కొత్త రైల్‌లో డీజిల్ పదహారు వందల బార్‌ను దాటుతుంది. ఆ నట్టు పాత పద్ధతిలో వదులు చేస్తే ధార చర్మాన్ని కోసి లోపలికి పోతుంది. చెవితో చేసే పరీక్ష అక్కడితో ఆగిపోయింది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ 4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 ఉద్గార నిబంధనలు అమల్లోకి వచ్చాక పొగ గొట్టం కూడా కంప్యూటర్ చేతిలోకి పోయింది. పొగను శుభ్రం చేయడానికి గొట్టంలో చిమ్మే, డ్రైవర్లు యూరియా అని పిలిచే ద్రవంలో యూరియా పాలు 32.5 శాతం ఉండాలి. అందులో తేడా వచ్చినా, గొట్టంలోని సెన్సర్ పాడైనా బండి తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. ఇంజిన్ బాగానే ఉంటుంది, లోడు మాత్రం ఘాట్ ఎక్కదు.

బండి ఇలా ఎక్కడ మొరాయిస్తుందోనన్న భయానికి మందుగానే కంపెనీలు వారంటీని పొడిగించాయి. కొన్ని బళ్లకు అది ఆరేళ్లు లేదా 6 లక్షల కిలోమీటర్ల దాకా వచ్చింది. కంపెనీ తన యంత్రానికి తాను పూచీ పడటం మెచ్చుకోదగ్గదే, పెద్ద ఫ్లీట్లకు అది గొప్ప మేలు కూడా. కానీ ఆ ఆరేళ్లలో బండి ఎవరి దగ్గర ఉంటుందో చూడాలి. యాభై బళ్లున్న ట్రాన్స్‌పోర్టరు కొత్తవి కొని, వారంటీ నడిచినంత కాలం తిప్పి, ఆ తర్వాత అమ్ముతాడు. కొనేది డ్రైవర్. అంటే సెన్సర్లు, ఇంజెక్టర్లు, టర్బో ఒక్కొక్కటే మొరాయించే కాలం పూచీ కాగితం లేనివాడి వంతుకు వస్తుంది. కొత్త బండే కొన్న ఓనర్ కమ్ డ్రైవర్‌కూ పూర్తి నెమ్మది లేదు. రబ్బరు, బేరింగ్, క్లచ్ ప్లేటు లాంటి అరిగే సామానుకు వారంటీ సాధారణంగా వర్తించదు. బండి సర్వీస్ సెంటర్‌లో పార్టు కోసం ఎదురుచూసే రోజులకు కిరాయి రాదు, కిస్తీ మాత్రం ఆగదు. పాతకాలపు ఓనర్ బండి ఆగిన పూటే మూడు షెడ్లు తిరిగి బేరమాడేవాడు. ఇవాళ బేరానికి ఎదురు మనిషే లేడు.

పాతకాలాన్ని మురిపెంగా చూపిస్తున్నానని ఎవరైనా అంటే ఆ మాటను కొట్టిపారేయను. ఆటోనగర్ వీధుల్లో డూప్లికేట్ సామాను ఉండేది. సరిగా అతకని బ్రేకుల వల్ల మనుషులు పోయారు. బడికి పోవలసిన పిల్లలు గ్రీజు డబ్బాల మధ్య పెరిగారు. పాత ఇంజిన్ల నల్ల పొగ పీల్చినవాళ్లలో ఆ మేస్త్రులూ, డ్రైవర్లే ముందున్నారు. బీఎస్ 6 వద్దనడం వాళ్ల ఊపిరితిత్తులకే ద్రోహం. పోనీ, ఇంత సున్నితమైన యంత్రాన్ని తెలియనివాడు ముట్టుకుంటే పూచీ ఎలా ఇస్తామని కంపెనీలు అడిగితే, అందులోనూ న్యాయముంది. అయితే తెలియకపోవడం వేరు, తెలియనివ్వకపోవడం వేరు. బీఎస్ 6కు మాతృక అయిన యూరో 6ను లారీలకు తెచ్చిన ఐరోపా 2009 చట్టం, అదే కాగితంలో రిపేరు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలని కూడా కంపెనీలకు చెప్పింది. శుభ్రమైన గాలికీ తెరిచిన షెడ్డుకూ వైరం లేదని దీన్ని బట్టే తెలుస్తుంది. మనం ఉద్గారాల అంకెలు తెచ్చుకున్నంత శ్రద్ధ రెండో సగం మీద పెట్టలేదు.

మన చట్టానికి సొంత బండి నడుపుకునే మనిషి కనిపించలేదని కాదు. సొంతంగా నడుపుకుని బతకడానికి లారీ కొన్నవాడు వ్యాపారి కాదు, వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ తీర్పులో ఉదాహరణగానే చెప్పింది. అందువల్ల అతను వినియోగదారుల కమిషన్ మెట్లెక్కగలడు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్, విడిభాగాలు, పరీక్షా పరికరాలు బయటివాళ్లకు అందకుండా చేశారంటూ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయరాదనీ, ఆ రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చనీ చెప్పింది. కంపెనీలు పైకోర్టులకు వెళ్లాయి. పైగా ఆ కేసు కార్లది. బతుకు బండి మీదే ఉన్న లారీవాడికి ఆ మాట ఇంకా ఎక్కువ అవసరం. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచి వాహనాలనూ అందులో చేర్చింది.

ఇక షెడ్డు వైపు చూస్తే, ఆటోనగర్ మేస్త్రి కొడుకు ఇవాళ స్కానర్ కొని పెట్టుకున్నాడు. బండి చూపే కోడు చదవగలడు, ఏ ఇంజెక్టర్ పోయిందో చెప్పగలడు, దాన్ని విప్పి కొత్తది బిగించనూ గలడు. కొత్త ఇంజెక్టర్ తల మీద చిన్న అక్షరాల్లో చెక్కిన కోడు ఒకటి ఉంటుంది. దాన్ని బండి కంప్యూటర్‌కు ఎక్కిస్తేనే డీజిల్ లెక్క సరిగా కుదురుతుంది. ఆ కోడు అతని చేతిలోనే ఉంది. ఎక్కించే సాఫ్ట్‌వేర్ తాళం కంపెనీ దగ్గర ఉంది.