చంద్రుని ప్రతిధ్వనికి వేడి తెచ్చిన చిక్కు

1946 జనవరి 10వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీ తీరాన, కాంప్ ఎవాన్స్ అనే సైనిక ప్రయోగశాల నుంచి చంద్రునివైపు రేడియో తరంగాలను పంపారు. రెండున్నర సెకండ్ల తరువాత వాటి ప్రతిధ్వని తిరిగి వచ్చింది. ప్రయోగానికి నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ జాన్ డివిట్. వాడినది యుద్ధకాలపు రాడారు; దాని పౌనఃపున్యం 111.5 మెగాహెర్ట్‌జ్. ఏంటెనా పక్కలకు తిరిగేదే గాని పైకి లేచేది కాదు. అందుచేత చంద్రోదయ, చంద్రాస్తమయ వేళల్లోనే పని సాగింది. నెల తిరగకముందే, ఫిబ్రవరి 6న, హంగరీలో జోల్టాన్ బే కూడ ఇదే సాధించాడు. రొదలో మునిగిపోయిన ప్రతిధ్వనులను ఆయన విద్యుద్విశ్లేషణ గొట్టాలలోకి పంపాడు. వాటిలో వెలువడిన హైడ్రోజన్ వాయువును కొలిచి, అనేక ప్రతిధ్వనులను ఒక్కటిగా కూడగలిగాడు. ఈ ఉపాయం డివిట్ రాడారుకంటె ఎక్కువ దూరం చూసినదని చెప్పవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు? చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరాన ఉన్నాడు. తనపై పడిన తరంగాలలో నూటికి సుమారు 7 పాళ్లు మాత్రమే తిప్పి పంపుతాడు. అన్ని దిక్కులకు సమంగా ప్రసరించే ఏంటెనాలు రెండు కొసలా ఉన్నాయనుకుందాం. 144 మెగాహెర్ట్‌జ్ వద్ద పంపిన శక్తిని, ఒకటి పక్కన 25 సున్నలు వేసిన సంఖ్యతో భాగిస్తే ఎంత వస్తుందో, గ్రాహకానికి అందేది ఇంచుమించు అంతే.

సైన్యానికి సాధ్యమైన ఈ పనికి సరదాకొద్దీ రేడియో నడిపే అమెచ్యూర్లు పూనుకున్నారు. 1953 జనవరిలో ఇద్దరు అమెరికన్లు 144 మెగాహెర్ట్‌జ్‌పై తమ ప్రతిధ్వనిని తామే పట్టారు. 1960 జూలైలో కాలిఫోర్నియాలోని ఐమాక్ రేడియో క్లబ్బుకు, మసాచుసెట్స్‌లోని రోడోడెండ్రాన్ స్వాంప్ వి.హెచ్.ఎఫ్. సొసైటీకి (పేరు చూసి వనభోజనాల సంఘం అనుకోరాదు) చంద్రుని మీదుగా 1296 మెగాహెర్ట్‌జ్‌పై సంభాషణ జరిగింది. 1964 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాకు, ఫిన్లండుకు మధ్య 144 మెగాహెర్ట్‌జ్‌పైన కూడ అది సాధ్యమైంది.

అప్పటి నిబంధనల ప్రకారం అమెరికన్ అమెచ్యూరు తన చివరి వాల్వుకు ఇవ్వగల విద్యుత్తు ఒక కిలోవాటు. అందులో 600 వాట్లు ఏంటెనాకు చేరితే, తక్కిన 400 వాట్లు వాల్వులోనే వేడిగా మారుతాయి. 4సిఎక్స్250బి వంటి పింగాణీ వాల్వుకు ఆనోడు చుట్టూ లోహపు రెక్కలుంటాయి. వాటి సందుల గుండా గాలి దూసుకొని పోవాలి. ఇందుకు బల్లమీది పంకా చాలదు. ఒత్తిడితో ఊదే బ్లోయరు కావాలి. ఆ గాలి పక్కలకు జారిపోకుండా వాల్వు చుట్టూ పొగగొట్టం వంటి కవచం అమర్చాలి. తంతువు వెలిగించకముందే గాలి మొదలు కావాలి, ఆర్పిన తరువాత కూడ కాసేపు వీచాలి.

గ్రాహకాన్ని కూడ చల్లబరిస్తే దాని స్వంత రొద తగ్గదా అన్న ప్రశ్న సహజం. తగ్గుతుంది, అయితే 144 వద్ద అందువల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. పాలపుంత నుంచే రేడియో రొద వస్తున్నదని కార్ల్ జాన్‌స్కీ 1933లో వెల్లడించాడు. 144 వద్ద నిశ్శబ్దమైన ఆకాశభాగం కూడ సుమారు 200 కెల్విన్ల వేడి వస్తువువలె రొద చేస్తుంది. నేటి మంచి తొలి వర్ధకం చేర్చేది 35 కెల్విన్లే. దానిని పూర్తిగా మాయం చేసినా మొత్తం రొదలో ఏడవ వంతే తగ్గుతుంది. 1296 వద్ద ఆకాశం చాల నిశ్శబ్దం. అక్కడ గ్రాహకపు రొదలో ప్రతి కెల్విన్ లెక్కకు వస్తుంది.

ఇక ట్రాన్స్‌వర్టర్. 28 మెగాహెర్ట్‌జ్ సెట్టును 144కు పనికివచ్చేటట్లు చేసే సాధనమిది. లోపలి స్ఫటికదోలకం ఇచ్చే 116ను 28కి కూడితే 144 వస్తుంది. వినేటప్పుడు అంతే తీసివేస్తుంది. 116 కదిలితే 144 కూడ కదులుతుంది. మోర్సు సంకేతాలను చెవితో వినేవారు ఆ కదలికను డయలు తిప్పి సరిచేసుకొనేవారు. 2003లో అది పెద్ద చిక్కయింది. పల్సారు జంటను కనుగొన్నందుకు 1993లో నోబెల్ బహుమతి పంచుకున్న జోసెఫ్ టేలర్ స్వయంగా అమెచ్యూరు. ఆయన రూపొందించిన జె.టి.65 పద్ధతిలో సంకేతాన్ని చెవికి బదులు కంప్యూటరు వింటుంది. 144పై వాడే రకంలో స్వరాల మధ్య ఎడం 5.4 హెర్ట్‌జ్. 116 మెగాహెర్ట్‌జ్ కోటికి ఒక పాలు మారితే దాదాపు 12 హెర్ట్‌జ్. అనగా రెండు మెట్లు దాటిపోయినట్లే.

ఈ పద్ధతిలో ఒక నిమిషంలో 47 సెకండ్లు ఆగకుండా పూర్తి శక్తితో పంపి, మరుసటి నిమిషం వింటారు. మాటల మధ్య దొరికే విరామం ఇక్కడ లేదు. మాటలకు చాలిన రెక్కల అల్యూమినియం దిమ్మ ఇక్కడ కాలిపోతుంది. ఆ వేడి అదే పెట్టెలోని స్ఫటికానికి పాకి పౌనఃపున్యాన్ని జరుపుతుంది. కనుక కొనేవారు గ్రాహకపు రొద తక్కువని మురిసిపోయేకంటె, దోలకం బయటి 10 మెగాహెర్ట్‌జ్ ప్రమాణానికి కట్టుబడి ఉంటుందా, లేక స్థిరమైన వేడి గల చిన్న అరలో ఉంచారా అని చూడాలి. చిన్న ట్రాన్సిస్టరులో వేడి గోరంత చోట పుడుతుంది. దానికింద రాగిపలక వేసి, ఆ పలకను దిమ్మకు బిగించి, దిమ్మ మీదికి గాలి పంపడం మేలు.

పరీక్ష సులభమే. ఏంటెనాకు బదులు తగిన నిరోధం తగిలించి, నిమిషం విడిచి నిమిషం చొప్పున అరగంట ప్రసారం చేయాలి. దిమ్మ ఉష్ణోగ్రతను అయిదు నిమిషాలకొకసారి వ్రాసుకోవాలి. అదే వేళ వేరొక స్థిరమైన గ్రాహకంలో స్వరం ఎన్ని హెర్ట్‌జ్ జరిగినదో కొలిచి పక్కన వ్రాయాలి. రెండు వరుసలూ కలసి పైకి పోతుంటే పంకా గాలి పెంచడం ఒక్కటే చాలకపోవచ్చు; దోలకాన్ని వేరొక పెట్టెలోకి మార్చాలి.