కంటిలో స్టెరాయిడ్ సూది తర్వాతి ఇన్‌ఫెక్షన్

రెటీనా వాపు తగ్గించడానికి కనుగుడ్డులోని విట్రియస్ జెల్లీలోకి ట్రయామ్సినోలోన్ వంటి స్టెరాయిడ్ ఎక్కించినప్పుడు, సూది వెంటగానీ మందు వెంటగానీ సూక్ష్మజీవులు లోపలికి చేరితే వచ్చే వ్యాధి ఎండాఫ్తాల్మైటిస్. అరుదే, కానీ చూపును త్వరగా మింగేస్తుంది. షుగర్ వల్ల రెటీనా ఉబ్బినవారికి కూడా ఈ సూదులు వేస్తారు.

సూక్ష్మజీవులు చాలావరకు రోగి రెప్పల మీద, కంటిపొర మీద ఉండేవే. అందుకే సూదికి ముందు 5 శాతం పోవిడోన్ అయోడిన్ చుక్కలు వేస్తారు. మందే కలుషితమైతే ఆ జాగ్రత్త చాలదు. 2011-12లో అమెరికాలో ఒక కాంపౌండింగ్ ఫార్మసీ (మందులను స్వయంగా కలిపి తయారుచేసే దుకాణం) కలిపిన ట్రయామ్సినోలోన్, ఆపరేషన్‌లో వాడే నీలిరంగు ద్రవం పలు రాష్ట్రాల్లో రోగుల కళ్ళలోకి ఫంగస్‌ను చేర్చాయి. 2016లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ల తర్వాత పలువురికి ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు కూడా కంటిని కడిగిన ద్రవం మీదే వేలు పడింది.

స్టెరాయిడ్ సూది తర్వాతి ఇన్‌ఫెక్షన్‌ను గుర్తుపట్టడమే కష్టం. స్టెరాయిడ్ వాపును అణచడం వల్ల నొప్పి, ఎరుపు అంతగా ఉండకపోవచ్చు. తెల్లటి మందు రేణువులు ముందుకు జారి చీములా కనిపించి డాక్టర్లనే తికమకపెడతాయి. సూది తర్వాత చూపు తగ్గుతూ పోతే, ఉదాహరణకు వరంగల్ జిల్లాలోని నర్సంపేట రోగి తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే వెళ్ళడానికి వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. అనుమానం బలంగా ఉంటే విట్రియస్ నమూనా తీసి, రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్స్ వాంకోమైసిన్ 1 మి.గ్రా., సెఫ్టాజిడైమ్ 2.25 మి.గ్రా. కంట్లోకే ఎక్కిస్తారు. ముదిరితే విట్రెక్టమీ (విట్రియస్‌ను తొలగించే ఆపరేషన్) చేస్తారు.