తలమీది తరతమాలు

పోలీసు యూనిఫాం మీద చర్చ వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పక వినిపిస్తుంది. ఈ టోపీ, బెల్టు, బూట్లు తెల్లదొరలు అంటగట్టి పోయినవి, వదిలించుకోవాలి అని. సికింద్రాబాద్ చరిత్ర తిరగేస్తే ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. 1798 సైన్యసహకార ఒప్పందం తర్వాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వెలసిన కంపెనీ దండుకు 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. ఆనాటి నుంచి 1940ల మధ్య వరకు ఇక్కడి శాంతిభద్రతలు బ్రిటిష్ రెసిడెంటు చేతిలో ఉండేవి. సాగర్‌కు ఆవల హైదరాబాద్ నగర పోలీసు అధిపతి అయిన కొత్వాలు నిజాంకు జవాబుదారీ. ఒక్క చెరువుకు అటూ ఇటూ రెండు కొలువులు. కొత్వాలు తలమీద ఏముందో, రెసిడెంటు పాలనలో ఎవరి తలమీద ఏముందో పోల్చి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

1829లో లండన్‌లో రాబర్ట్ పీల్ పోలీసు దళాన్ని ఏర్పరచినప్పుడు కానిస్టేబుళ్లకు నీలం కోటు, టాప్ హ్యాట్ ఇచ్చారు. ఎర్రకోటు సైనికుల్లా కనిపిస్తే జనం బెదురుతారని అలా చేశారు. వీధిలో పెద్దమనుషులు పెట్టుకునే టోపీయే కానిస్టేబుల్‌దీ అయింది. మన కొత్వాలు సంగతీ ఇంచుమించు అంతే. 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాలుగా ఉన్న రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి దర్బారు దుస్తులు దస్తారు అనే తలపాగా, బగ్లూసు అనే నడికట్టు. కొలువులోని ఉమరావులందరి వేషమూ అదే. బ్రిటిష్ ఏలుబడిలో మాత్రం అధికారి నెత్తిన సోలా టోపీ, కానిస్టేబుల్ నెత్తిన తలపాగా, కింద నిక్కరు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్లో ఆ తలకట్టు ఎర్రన. మన పాత సినిమాలు దాన్ని నవ్వులాటకు తెగ వాడుకున్నాయి. అంటే దొరలు కానిస్టేబుల్‌కు తమ టోపీ అంటగట్టలేదు, అందనివ్వలేదు. ఆయన తలపాగా కూడా సంప్రదాయం మీద గౌరవంతో వదిలేసింది కాదు, కొలతలతో సహా సర్కారు నిర్ణయించిన యూనిఫామే.

ఆ సోలా టోపీలో విలాయతీ ఎంత అన్నదీ చూడాలి. నీటి గుంటల్లో పెరిగే జీలుగు బెండును పలచని పొరలుగా కోసి, అచ్చుమీద ఒకదానిపై ఒకటి అంటించి, ఖాకీ గుడ్డ తొడిగేవారు. నడినెత్తిన గాలాడే రంధ్రం, లోపల తలకు ఆనే పట్టీ. పెళ్లి బాసికాలు చేసే బెండుతో దొరతనం తయారైందన్నమాట! ఖాకీ కూడా లండన్ నుంచి దిగలేదు, 1840ల్లో పెషావర్‌లో బ్రిటిష్ అధికారి లమ్స్‌డెన్ దళానికి దుమ్ములో కలిసిపోయే రంగు కావలసి వచ్చి పుట్టింది.

మన ఎండలకు ఈ వేషం తగదన్న అభ్యంతరంలో మాత్రం బలముంది. మే నెల మధ్యాహ్నం ప్యారడైజ్ చౌరస్తాలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు పీక్ క్యాప్ కళ్లకు నీడ ఇస్తుందేమో గానీ మెడకు, చెవులకు ఇవ్వదు. 2023లో రాచకొండ పోలీసులు ఏసీ హెల్మెట్లు పరీక్షించి చూసింది అందుకే. అయితే ఇది వాతావరణం మీద ఫిర్యాదు, చరిత్ర మీద కాదు. ఎండ విషయంలో బెండు టోపీయే నయం, కానీ అది దక్కింది ఎండలో తక్కువగా నిలబడే వాళ్లకు. హోదా తేడా కనబడకపోతే క్రమశిక్షణ ఉండదనేవారూ ఉన్నారు. హోదా చెప్పడానికి భుజాలున్నాయి. ఎస్సైకి రెండు నక్షత్రాలు, ఇన్‌స్పెక్టర్‌కు మూడు. ఆ మాత్రం చదవడం కొత్త రిక్రూట్‌కు మొదటి వారంలోనే వచ్చేస్తుంది. దానికి తల కూడా అవసరమా?

పొరుగు ప్రాంతాలు చూడండి. కర్ణాటకలో అధికారులకు పీక్ క్యాప్, కానిస్టేబుళ్లకు ఒకవైపు అంచు మడిచిన స్లౌచ్ హ్యాట్ దశాబ్దాలపాటు నడిచాయి. 2025లో అక్కడి ప్రభుత్వం స్లౌచ్ హ్యాట్ తీసేసి కానిస్టేబుళ్లకు నేవీ బ్లూ పీక్ క్యాప్ ఇచ్చింది, నమూనా మన తెలంగాణది. దొర టోపీ మరింత దొరదైంది కదా అని ఎవరైనా దెప్పవచ్చు. కానీ అక్కడి కానిస్టేబుల్‌కు అందింది అధికారి టోపీ ఆకారం. తేడా ఇంకా మిగిలిన చోటూ ఉంది. గోదావరి పాయ పక్కన, చుట్టూ ఆంధ్ర జిల్లాల నడుమ ఉన్న తెలుగు యానాం పుదుచ్చేరిలో భాగం. ఆ పుదుచ్చేరిలో కానిస్టేబుల్ ఫ్రెంచివాళ్ల ఎర్ర కెపీ టోపీ పెట్టుకుంటాడు. పర్యాటకులు ముచ్చటపడి ఫొటోలు తీసుకుంటారు. అధికారులది మాత్రం మామూలు పీక్ క్యాప్.

2022 అక్టోబరులో సూరజ్‌కుండ్‌లో జరిగిన రాష్ట్రాల హోంమంత్రుల సమావేశాన్ని ఉద్దేశించి మాట్లాడుతూ ప్రధాని దేశమంతటా పోలీసులకు ఒకే యూనిఫాం ఉంటే బాగుంటుందని సూచించారు. పోలీసు శాఖ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోది కనుక అది సూచనగానే ఉంది. రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య తేడా తుడిచే ముందు, ఒకే స్టేషన్లో ఎస్సైకీ కానిస్టేబుల్‌కూ తలమీద తేడా ఎక్కడెక్కడ మిగిలిందో లెక్క తీయడం ఏ రాష్ట్రానికైనా రేపే సాధ్యం. దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.