శనిగ్రహ వలయములు



శనైశ్చరుడనగా మెల్లగ నడచువాడని యర్థము. ఈ పేరు పెట్టిన మన పూర్వులు ఆ నడకను కొలిచియే పెట్టిరి. మహాయుగమున, అనగా 43,20,000 సంవత్సరములలో, శని రాశిచక్రమును 1,46,568 పర్యాయములు చుట్టివచ్చునని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. భాగించి చూచినచో నొక్క చుట్టుకు సుమారు 29.5 సంవత్సరములు వచ్చును. నేటి ఖగోళశాస్త్రజ్ఞుల లెక్కయు నదియే. కనుకనే రాశికి రెండున్నర యేండ్లు, మూడు రాశులకు ఏడున్నర యేండ్లు. ఏలిననాటి శనియని మనవారు భయపడు కాలమున కీ లెక్కయే మూలము.

లెక్క సరియైనదే. కాని ఆ గ్రహముచుట్టు వలయములున్నవని వట్టికంటికి తెలియదు. అవి యెట్లు తెలిసెను, అవి దేనితో నైనవి యనునదే నేటి ప్రసంగవిషయము.

1610లో ఇటలీదేశస్థుడగు గెలీలియో శనివైపు దుర్భిణి త్రిప్పెను. గ్రహమునకు రెండు ప్రక్కల రెండు బింబములు తోచెను. 1612లో నవి మాయమయ్యెను. ఆయనకు కారణము బోధపడలేదు. 1659లో హాలెండు పండితుడు హైగెన్సు, అది గ్రహమును తాకక చుట్టియున్న పలుచని వలయమని ప్రకటించెను. వలయపు అంచు మనవైపు తిరిగినపుడు కనబడదు, మాయమగుటకు కారణమదియే. 1675లో కాసిని యను శాస్త్రజ్ఞుడు వలయము నడుమ నొక సందును చూచెను. అయినను వలయము గట్టి పలకవంటిదని విలియం హెర్షెల్ వంటి ఘనులును తలచిరి.

మన తర్కశాస్త్రమున ఎంతటివాడు చెప్పినను వస్తువును నిర్ణయించుటకు ప్రమాణము కావలెను. ప్రత్యక్షము, అనుమానము అనునవి వానిలో ముఖ్యములు. ఇచ్చటను ఆ రెండే పనికివచ్చినవి. ప్రత్యక్షప్రమాణములలో నొకటి మన దక్షిణదేశమునందే లభించెను.

మద్రాసు నుంగంబాకములో 1792లో కుంపిణీవారు వేధశాల కట్టించిరి. అచ్చటి రాతిస్తంభముపై తమిళాక్షరములతోపాటు తెలుగక్షరములును చెక్కించిరి. విశాఖపట్టణపు జమీందారు గోడె వేంకట జగ్గారావుగారు అచ్చటి అధికారి టెయిలరువద్ద ఖగోళశాస్త్రము నభ్యసించి, 1840లో తమ యూర స్వంత వేధశాల నెలకొల్పిరి. టెయిలరు పిదప ఆ పదవికి వచ్చినవాడు కాప్టెన్ జేకబు. ఆయనయొద్ద నున్న దుర్భిణి ముందరియద్దము ఆరంగుళములకు కొంచెము మించినది మాత్రమే.

1850లో అమెరికాలో బాండు అను నాతడు ప్రకాశవలయములకు లోపల మసకవలయము నొకదానిని కనుగొనెను. 1852లో జేకబు మద్రాసునుండి ఆ మసకవలయమును పరీక్షించి, దానిగుండ గ్రహపు అంచు కనబడుచున్నదని గుర్తించెను. ఇంచుమించు అదే కాలమున లాసెల్ అను ఆంగ్లేయుడును దీనినే చూచెను. ఆ యేట శని మేషరాశియందుండెను. జాతకశాస్త్రమున నది శనికి నీచస్థానము. మద్రాసువారికి మాత్ర మది మేలైన స్థానమే, శని నడినెత్తికి చేరువగ వచ్చి స్పష్టముగ కనబడెను.

సిరిసిల్ల మగ్గముపై నేసిన పలుచని బట్టను దీపమున కడ్డుపెట్టి చూడుడు. వెలుగు కనబడినచో పోగుల నడుమ సందులున్నవని తెలియును. ఆవలి గ్రహము కనబడు వలయమును గట్టిపలక యనుట యెట్లు?

ఇక అనుమానప్రమాణము. మాక్సువెల్ అను పండితుడు 1859లో ప్రకటించిన గ్రంథమున గణితముచే నిట్లు తేల్చెను: వలయము గట్టిదైనచో నిలువజాలదు, ద్రవమైనచో అలలచే చీలిపోవును, లెక్కలేనన్ని విడివిడి తునుకలై, ఒక్కొక్కటి చిన్న చంద్రునివలె తిరుగుచున్నచో మాత్రమే నిలుచును.

దీనిని పరీక్షించుట కొక మార్గమున్నది. కల్లమున నడుమ గుంజకు వరుసగ కట్టిన యెడ్లలో వెలుపలిది వేగముగ నడువవలెను, లోపలిది మెల్లగ తిరుగును. ఒకదానికొకటి కట్టబడియుండుటయే కారణము. వలయము గట్టిదైనచో నట్లే జరుగవలెను. 1895లో కీలర్ అను నతడు అమెరికాలోని అలెఘెనీ వేధశాలలో వలయకాంతిని రంగులుగ విడదీసి, వేగమును కొలిచెను. లోపలిభాగమే వేగముగను, వెలుపలిది మెల్లగను పోవుచుండెను. కట్టుత్రాడు లేదని తేలినది.

ఆ తునుకలు దేనివి? 1970లో శాస్త్రజ్ఞులు కంటికి కనబడని పరారుణకిరణములను పరీక్షించి, వలయములనుండి వచ్చు వెలుగు నీటిమంచునుండి వచ్చు వెలుగువంటిదేయని కనుగొనిరి. వలయములు మిక్కిలి భాగము మంచుగడ్డలే. రాతిధూళి కొంచెము కలిసియున్నది. ఇసుకరేణువంతటివి మొదలు ఇల్లంతటివి వఱకు నున్నవి. అచ్చటి చల్లదనము సున్న డిగ్రీలకు 160 డిగ్రీలకు పైగా దిగువ. కనుక మంచు కరగదు. ముఖ్యవలయముల అడ్డుకొలత 2,70,000 కిలోమీటర్లకు మించును. మందము పెక్కుచోట్ల కొన్ని పదుల మీటర్లే. కిలోమీటరు వెడల్పుగల కాగితమును తలచుకొన్నచో ఆ పోలిక తెలియును.

కాసిని పేరనే పంపబడిన వ్యోమనౌక 2004 మొదలు 2017 వఱకు శనిని చుట్టెను. తుదిదినములలో గ్రహమునకును వలయములకును నడుమ దూరి, వలయమునుండి మంచురేణువులు శనిపై రాలుచున్నవని తెలిపెను. ఇవి యే చంద్రుడో పగిలినందున పుట్టినవా, ఎప్పుడు పుట్టినవి అను విషయమున పండితులలో నింకను వాదము కలదు.

శనివారమున తైలాభిషేకము చేయువారు చేయుదురు గాక. ఆ భక్తి వారిది. కాని శనివైపు చూచిన పిల్లవానిని చూడవద్దని కసరుట తగదు. చిన్న దుర్భిణితోనైన ఆ వలయము కనబడును. అది యేమిటి తాతా యని మనుమడు అడిగినపుడు, మన బావులలోని నీరే అచ్చట గడ్డకట్టి తిరుగుచున్నదని చెప్పుడు. నీకెట్లు తెలియునని యడిగినచో సంతోషింపుడు. ప్రమాణ మడుగుట మన శాస్త్రము నేర్పినదే. మద్రాసున జేకబు చూచినదియు, మాక్సువెల్ లెక్కించినదియు, కీలర్ కొలిచినదియు వానికి వరుసగ చెప్పుడు.