దించేసి వెనక్కి రావాలి

1941 డిసెంబర్ 18, సాయంత్రం. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవు బయట అరవై మీటర్ల లోతున ఓ ఇటలీ జలాంతర్గామి మెల్లగా ముందుకు జరుగుతోంది. పేరు షిరే. లోపల ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. కరెంటు మోటార్లు సన్నగా రొద చేస్తున్నాయి, ఇనుప గోడల మీద చెమ్మ బొట్లు కట్టి జారుతోంది, డీజిల్ కంపూ, తడిబట్టల ముక్క వాసనా, రోజుల తరబడి స్నానం లేని ఒళ్ల వాసనా కలిసి ఊపిరాడనివ్వడం లేదు, అయినా ఆ గాలినే పొదుపుగా పీలుస్తూ అందరూ ఒకే ఒక్క శబ్దం కోసం చెవులు రిక్కించి ఉన్నారు. పడవ పొట్టకి తీగ రాసుకున్న శబ్దం. ఇక్కడ మైన్లు పరిచి ఉంటారు. ఏ మైను తీగ ఎక్కడ నిలబడి ఉందో చెప్పగలిగినవాడు ఈ పడవలో లేడు.

కమాండర్ జూనియో వలేరియో బోర్గేజేకి ముప్పై అయిదేళ్లు. అసలు ఈ పని నిన్ననే జరగాలి. దారిలో సముద్రం విరుచుకుపడింది, ఒకరోజు వాయిదా వేయక తప్పలేదు. ఈలోపు ఏథెన్స్ నుంచి రేడియో కబురొచ్చింది. రేవులో రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు ఉన్నాయి. రెండూ ఉన్నాయి, కదల్లేదు. ఇక వెనక్కి తిరిగే ప్రశ్నే లేదు.

షిరే పుట్టింది టార్పెడోలు వదలడానికి. ఇప్పుడది చేస్తున్న పని వేరు. డెక్ మీది ఫిరంగిని పీకేశారు. దాని బదులు మూడు పొడవాటి ఉక్కు గొట్టాలు బిగించారు. ఒక్కో గొట్టంలో ఒక్కో వాహనం. ఏడు మీటర్ల పొడవు ఉంటుంది. చూడటానికి టార్పెడోయే, కానీ దాని మీద ఇద్దరు మనుషులు గుర్రమెక్కినట్టు కూర్చుంటారు. నీళ్లలో మునిగి, మనిషి నడక వేగంతో పోతారు. ముందు భాగంలో పేలుడు మందు ఉంటుంది. దాన్ని ఊడదీసి శత్రునౌక అడుగున తగిలించి, గడియారం తిప్పి, వచ్చేయాలి. తెసెయో తెసెయి, ఎలియోస్ తోస్కి అనే ఇద్దరు యువ నౌకాదళ ఇంజనీర్ల ఆలోచన ఇది. మొరాయించే ఆ యంత్రాన్ని నావికులు విసుగ్గా ‘పంది’ అని పిలిచేవాళ్లు. తెసెయి ఆ జులైలోనే మాల్టా రేవు మీద దాడిలో చనిపోయాడు. అతను కన్న కల ఇప్పుడు ఈ మూడు గొట్టాల్లో ఉంది.

రాత్రి తొమ్మిది కావస్తోంది. రేవు ఒక మైలు పైచిలుకు దూరం. బోర్గేజే పడవని పైకి తెచ్చాడు, బురుజు మాత్రమే నీళ్లపైన తేలేలా. మూత తెరిచాడు. చల్లటి గాలి ముఖానికి కొట్టింది. సముద్రం నిలకడగా ఉంది. చిమ్మచీకటి. ఇంతకంటే మంచి రాత్రి దొరకదు.

ఆరుగురు. నల్లటి రబ్బరు సూట్లు, ఛాతీ మీద ఆక్సిజన్ సంచులు. లుయిజి దురాండ్ డి లా పెన్నే, అతని జతగాడు ఎమిలియో బియాంకి. అంతోనియో మార్చెల్యా, స్పార్తకో స్కెర్గాత్. విన్‌చెంజో మార్తెల్లోత్తా, మారియో మారినో. కౌగిలింతలు లేవు. కన్నీళ్లు లేవు. వాళ్ల ఆనవాయితీ ఒకటుంది. వెళ్లేవాడు వంగి నిలబడతాడు, కమాండర్ వెనక నుంచి ఓ తన్ను తంతాడు. అదే దీవెన. ఒక్కొక్కరూ దీవెన అందుకుని నిచ్చెన ఎక్కి చీకట్లో కలిసిపోయారు.

మూత మూసుకుంది. షిరే మళ్లీ అడుగుకి దిగింది. పైన డెక్ మీద అడుగుల చప్పుడు, గొట్టాల తలుపులు తెరుచుకుంటున్న గరగర. తర్వాత నిశ్శబ్దం. వాళ్లు వెళ్లిపోయారు. బోర్గేజే వెనక్కి తిరగమని చెప్పబోతున్నాడు. సరిగ్గా అప్పుడు పైనుంచి ఇనుము మీద దెబ్బలు. ఒకటి. ఇంకొకటి. ఆగకుండా.

ఆపద గుర్తు అది. గొట్టాల పని చూడటానికి అదనపు డైవర్లు బయటికి వెళ్లారు. వాళ్లలో ఒకరు తిరిగి రాలేదు. శత్రురేవు గుమ్మంలో జలాంతర్గామి మళ్లీ పైకి లేవడమంటే చావుని పేరు పెట్టి పిలవడమే. బోర్గేజే పైకి లేపాడు. డెక్ మీద నుంచి ఓ మనిషిని లోపలికి లాగారు. ముఖం నీలంగా మారింది. ఊపిరి లేదు. అతను స్పాకరెల్లి, నౌకాదళ వైద్యుడు. పడవలో వైద్యం తెలిసినవాడు అతనే, ఇప్పుడు నేల మీద పడి ఉన్నదీ అతనే.

షిరే మునిగింది. మైన్ల మధ్యలోంచే తిరుగుదారి పట్టింది. మోటార్ల రొద మధ్య, ఇరుకు నడవాలో, నావికులు వంతులు వేసుకుని అతని ఛాతీ నొక్కుతూనే ఉన్నారు, ఒకడు అలిసిపోతే ఇంకొకడు మోకాళ్ల మీద కూలబడ్డాడు, నిమిషాలు గంటలయ్యాయి, ఎవరూ చాలిద్దామనలేదు. చివరికి ఛాతీ కదిలింది. స్పాకరెల్లి బతికాడు. ఆ ఆరుగురు బతికారో లేదో మాత్రం షిరేకి తెలీదు.

తెలుసుకునే వీలూ లేదు. ఆరుగురినీ తిరిగి తీసుకురావడం షిరే పని కాదు. మనుషుల్ని చావు అంచుదాకా మోసుకెళ్లాలి, దించాలి, వెనుదిరగాలి. షిరే ఇంతకుముందు జిబ్రాల్టర్ రేవుకి నాలుగుసార్లు వెళ్లొచ్చింది. ఏ దాడిలో ఎవరు ఏమయ్యారో పడవలోని వాళ్లకి ఎప్పుడూ తర్వాతే తెలిసింది.

రేవులో ఉన్న ఆ రెండు నౌకలు క్వీన్ ఎలిజబెత్, వేలియంట్. ఒక్కోటీ ముప్పై వేల టన్నులకి పైమాటే. అప్పటికి నెలరోజులుగా బ్రిటన్ నౌకాదళానికి అన్నీ చావు వార్తలే. నవంబర్‌లో విమానవాహక నౌక ఆర్క్ రాయల్ పోయింది. అదే నెల 25న యుద్ధనౌక బార్హమ్‌ని జర్మన్ జలాంతర్గామి ముంచింది. డిసెంబర్ 10న మలయా తీరంలో జపాన్ విమానాలు ఇంకో రెంటిని ముంచేశాయి. తూర్పు మధ్యధరాలో బ్రిటన్‌కి మిగిలిన యుద్ధనౌకలు ఈ రెండే. అడ్మిరల్ ఆండ్రూ కన్నింగ్‌హామ్ ఈ రాత్రి క్వీన్ ఎలిజబెత్‌లోనే నిద్రపోతున్నాడు.

రేవు గుమ్మానికి అడ్డంగా ఉక్కు వలలు. ఆ ఆరుగురూ అంచనా కంటే ముందే వచ్చేశారు. డి లా పెన్నే, బియాంకి రాస్ ఎల్ టిన్ లైట్‌హౌస్ దగ్గర నీళ్లలోనే ఆగి డబ్బాలు తెరుచుకుని తిన్నారు. గుమ్మం దగ్గర ఓ గస్తీ పడవ తిరుగుతోంది. దాంట్లోంచి చిన్న చిన్న బాంబులు నీళ్లలోకి జారవిడుస్తున్నారు. పేలినప్పుడల్లా నీళ్లు కాళ్లని నొక్కేస్తున్నాయి. వల కోయాలా? కింద నుంచి దూరాలా? ఇంతలో గుమ్మంలో దీపాలు వెలిగాయి.

మూడు బ్రిటిష్ డెస్ట్రాయర్లు లోపలికి వస్తున్నాయి. వాళ్ల కోసం వలలు తెరుచుకున్నాయి. తలలు మాత్రం నీటిపైన ఉంచుకుని, నౌకల వెనక లేచే అలల్లో ఊగిపోతూ, తమని పట్టివ్వాల్సిన వెలుగులోనే దారి చూసుకుంటూ మూడు ‘పందులూ’ రేవులోకి దూరిపోయాయి. ఎవరూ చూడలేదు.

వేలియంట్. చీకట్లో కొండలా లేచి ఉంది. డి లా పెన్నే సూట్‌లోకి నీళ్లు కారుతున్నాయి. చలికి వేళ్లు కొయ్యబారాయి. నౌక కిందికి దిగుతుండగా వాహనం పట్టు తప్పి అడుగుకి పడిపోయింది. పదిహేడు మీటర్ల లోతు. బురద. వెనక్కి తిరిగి చూశాడు. బియాంకి లేడు.

పైకి తేలి వెతికాడు. కనబడలేదు. మళ్లీ దిగాడు. మోటారు తిప్పబోతే తిరగలేదు, ప్రొపెల్లర్‌కి తీగ చుట్టుకుంది. ఒక్కడే. నౌక లోపల ఎక్కడో పంపు కొట్టుకుంటున్న చప్పుడు నీళ్లలో వినిపిస్తోంది. అదే దిక్కు. ఆ చప్పుడు వైపు బరువైన ఆ వాహనాన్ని బురదలో అంగుళం అంగుళం ఈడ్చాడు, లేచిన బురదకి దిక్సూచి కూడా కనబడలేదు, ముసుగులోకి చేరిన ఉప్పునీళ్లు తాగేయడం తప్ప దారి లేకపోయింది, దమ్ము అయిపోయిందనుకున్న ప్రతిసారీ ఇంకొక్క లాగుడు లాగాడు, నలభై నిమిషాలు గడిచాక తల ఠంగుమని ఇనుముకి తగిలింది. నౌక పొట్ట! గడియారం తిప్పాడు. పైకి లేచాడు. పైనుంచి తుపాకీ మోగింది.

ఈదుకుంటూ నౌకని కట్టిన లంగరు బోయా పట్టుకున్నాడు. అక్కడ ఇంకో మనిషి. బియాంకి! కింద స్పృహ తప్పి పైకి తేలాడు, మెలకువొచ్చాక ఇక్కడ నక్కాడు. ఇద్దర్నీ పట్టుకున్నారు. ఒడ్డుకి తీసుకెళ్లి ప్రశ్నించారు. పేరు, హోదా తప్ప మాట పెగల్లేదు. మళ్లీ వేలియంట్‌కే తెచ్చారు. కెప్టెన్ చార్లెస్ మోర్గన్ వాళ్లని నౌక అడుగున ఓ గదిలో పెట్టమన్నాడు. అడుగునే పెడితే భయంతో నోరు విప్పుతారు కదా. ఆ గది ఎక్కడుందో డి లా పెన్నేకి అర్థమైంది. బాంబుకి దగ్గరలోనే.

కాపలా నావికులు రమ్ము పోశారు, సిగరెట్లు ఇచ్చారు. తమతో పాటే చావబోతున్న కుర్రాళ్లు. గంటలు గడుస్తున్నాయి. పది పదిహేను నిమిషాలే ఉందనగా కెప్టెన్‌ని కలవాలన్నాడు డి లా పెన్నే. నౌక పేలబోతోంది, మీ మనుషుల్ని కాపాడుకోండి అన్నాడు. ఎక్కడ పెట్టావని అడిగాడు మోర్గన్. అది చెప్పనన్నాడు. మళ్లీ కిందికే పంపించారు. పైన హడావిడి, పరుగులు. కింద చీకటి గదిలో ఆఖరి నిమిషాలు.

ముందు మోగింది దూరంగా. మార్తెల్లోత్తా, మారినో పెట్టిన బాంబు అది. సగోనా అనే చమురు ఓడ వెనక భాగం చీలిపోయింది, పక్కనే ఆగి ఉన్న డెస్ట్రాయర్ జెర్విస్ దెబ్బతింది. ఉదయం ఆరు గంటలు దాటాక వేలియంట్ ఒక్కసారిగా లేచి కూలబడింది. దీపాలు ఆరిపోయాయి. పొగ. డి లా పెన్నే తడుముకుంటూ నిచ్చెన దొరకబుచ్చుకుని డెక్ మీదికి వచ్చాడు. బతికే ఉన్నాడు. నౌక ఓ పక్కకి ఒరుగుతోంది. తలెత్తి ఎదురుగా చూశాడు.

క్వీన్ ఎలిజబెత్ అతని కళ్ల ముందే నీళ్లలోంచి ఎగిరిపడింది. మార్చెల్యా, స్కెర్గాత్ తమ పని పొల్లుపోకుండా చేశారు. వెనక డెక్ మీద నిలబడి ఉన్న అడ్మిరల్ కన్నింగ్‌హామ్ అదురుకి గాల్లోకి లేచాడు. వేలియంట్ మీద ప్రాణనష్టం లేదు. క్వీన్ ఎలిజబెత్ మీద ఎనిమిది మంది నావికులు చనిపోయారు.  ఆరుగురి ధైర్యం గురించి చెప్పేటప్పుడు ఆ ఎనిమిది మందినీ చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

రేవు లోతు తక్కువ. రెండు నౌకలూ అడుగుకి ఆనుకుని నిటారుగానే నిలబడ్డాయి. బ్రిటన్ దాన్నే వాడుకుంది. అడ్మిరల్ క్వీన్ ఎలిజబెత్‌లోనే ఉన్నాడు. రోజూ జెండా ఎగరేశారు. పైనుంచి చూసే విమానానికి ఏ తేడా తెలీదు. ఆరుగురూ ఖైదీలయ్యారు, ఇటలీకి చెప్పేవాళ్లు లేరు. మార్చెల్యా, స్కెర్గాత్ మాత్రం ఫ్రెంచి నావికుల్లా నటిస్తూ ఊరు దాటారు. కానీ వాళ్లకిచ్చిన బ్రిటిష్ నోట్లు ఈజిప్టులో చెల్లలేదు. రోసెట్టా దగ్గర దొరికిపోయారు. మధ్యధరా బలాబలాలు ఒక్క రాత్రిలో మారిపోయాయని చెప్పేవాళ్లు లేక, ఆ నెలాఖరుకి షిరే ఫలితం తెలియకుండానే లా స్పెజియా రేవుకి చేరింది.

బోర్గేజే దిగిపోయాడు. కొత్త కమాండర్ బ్రూనో జెలిక్ వచ్చాడు. 1942 ఆగస్టులో షిరే మళ్లీ బయలుదేరింది. ఈసారి గమ్యం హైఫా. పని అదే. ఈతగాళ్లని దించి వెనక్కి రావాలి. ఈసారి తీరంలో ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు.

ఆగస్టు 10. హైఫా అఖాతం. నీళ్లు పల్చన, ఎండ తీక్షణం. పైనుంచి చూస్తే పడవ కనబడుతుంది. ఐలే అనే చిన్న బ్రిటిష్ నౌక డెప్త్ చార్జీలు కురిపించింది. గాయపడ్డ షిరే పైకి తేలింది. ఒడ్డున ఉన్న ఫిరంగులు అందుకున్నాయి. మళ్లీ మునిగింది. ఇంకో వరస డెప్త్ చార్జీలు. ముప్పై మూడు మీటర్ల లోతున ఇసుకలో ఆగింది. లోపల సుమారు అరవై మంది. ఒక్కరూ బయటపడలేదు.

1943 సెప్టెంబర్‌లో ఇటలీ లొంగిపోయింది, దేశం రెండుగా చీలింది. బోర్గేజే ముసోలినీ పక్షాన ఉండిపోయాడు. అతని దళం సొంత దేశపు ప్రతిఘటన యోధుల్నే వేటాడింది, ఆ మచ్చ పోలేదు. డి లా పెన్నే రెండో దారి పట్టి మిత్రరాజ్యాల తరఫున పోరాడాడు. 1945 మార్చిలో తారాంతోలో అతనికి ఇటలీ అత్యున్నత శౌర్య పురస్కారం, బంగారు పతకం ఇచ్చారు. యువరాజు ఉంబెర్తో పతకం చేతిలోకి తీసుకుని, తను పెట్టకుండా, పక్కనున్న ఓ బ్రిటిష్ అధికారికి అందించాడు. ఆ అధికారి ముందుకొచ్చి డి లా పెన్నే ఛాతీ మీద పిన్ను గుచ్చాడు. అతను చార్లెస్ మోర్గన్. వేలియంట్ కెప్టెన్.

అలెగ్జాండ్రియాకి వెళ్లిన ఆరుగురూ యుద్ధం ముగిసేదాకా బతికారు. షిరేకీ ఇటలీ బంగారు పతకం ఇచ్చింది, కానీ ఆ పడవలో మునిగిపోయినవాళ్లు సముద్రంలోనే ఉండిపోయారు. 1984లో ఇటలీ నౌకాదళ డైవర్లు హైఫా అఖాతంలో దిగి, తుప్పుపట్టిన పడవ తెరిచి, 42 మంది అవశేషాల్ని పైకి తెచ్చారు. బారి పట్టణంలోని సైనిక స్మారకంలో సమాధి చేశారు. ఎవర్ని దించి వచ్చినా వాళ్ల గతి చూడకుండానే వెనుదిరిగిన పడవ అది. ఆ పడవవాళ్లని మాత్రం దేశం నలభై ఏళ్లు గడిచినా వదిలేయలేదు. అంత ఆలస్యంగానైనా ఆ అప్పు తీర్చడం న్యాయం.