ప్రభుత్వ ప్రాజెక్టులలో భాషా సహాయం (అమెరికా)

ఇంగ్లీషు మాట్లాడడంలో, చదవడంలో, అర్థం చేసుకోవడంలో ఇబ్బంది పడేవారికి ప్రభుత్వ పథకాలు, నిర్మాణాల సమాచారాన్ని వారి భాషలో అందజేసే ఏర్పాటును అమెరికా సంయుక్త రాష్ట్రాలలో భాషా సహాయం అని వ్యవహరిస్తారు. దుభాషిని నియమించడం, ముఖ్యమైన పత్రాలను అనువదించడం ఇందులో ప్రధానమైనవి. జనగణన సంస్థ లెక్కల ప్రకారం ఆ దేశంలో 5 సంవత్సరాలు పైబడినవారిలో ఇంగ్లీషు "చాలా బాగా" మాట్లాడలేనివారు సుమారు 2.5 కోట్ల మంది ఉన్నారు.

చట్టపరమైన ఆధారం

1964 నాటి పౌరహక్కుల చట్టంలోని 6వ అధ్యాయం, కేంద్ర ప్రభుత్వ నిధులు పొందే కార్యక్రమాలలో జాతి, వర్ణం, జాతీయ మూలం కారణంగా వివక్ష చూపరాదని నిర్దేశించింది. ఇందులో భాష ప్రసక్తి లేదు. శాన్ ఫ్రాన్సిస్కో పాఠశాలలలో ఇంగ్లీషు రాని సుమారు 1,800 మంది చైనా సంతతి విద్యార్థులకు ఏ సహాయమూ అందకపోవడంపై వచ్చిన లౌ వర్సెస్ నికోల్స్ కేసులో, ఇది ఆ చట్టానికి విరుద్ధమని 1974లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. భాషకూ జాతీయ మూలానికీ గల సంబంధం అప్పటి నుండి చట్టంలో స్థిరపడింది.

ప్రాజెక్టు నిర్వాసితుల విషయంలో నిబంధన మరింత స్పష్టంగా ఉన్నది. 1970 నాటి పునరావాస చట్టం క్రింది నిబంధనల ప్రకారం, భూసేకరణ నోటీసును చదివి అర్థం చేసుకోలేనివారికి తగిన అనువాదం, సలహా తప్పక ఇవ్వాలి.

కెటిల్‌మన్ సిటీ వివాదం

కాలిఫోర్నియాలోని కింగ్స్ కౌంటీలో కెటిల్‌మన్ సిటీ ఒక చిన్న వ్యవసాయ గ్రామం. పేరులో నగరం ఉన్నా నివాసులు అత్యధికులు స్పానిష్ మాట్లాడే వ్యవసాయ కూలీలు. ఈ ఊరి సమీపంలో ఉన్న విషవ్యర్థాల కేంద్రంలో దహన యంత్రం నెలకొల్పాలని ప్రతిపాదన వచ్చింది. పర్యావరణ ప్రభావ నివేదిక మొత్తం ఇంగ్లీషులోనే ఉన్నది. స్పానిష్‌లో లభించినది క్లుప్తమైన సారాంశం మాత్రమే. ప్రజాభిప్రాయ సేకరణ సభ కూడా ఊరికి దూరంగా, కౌంటీ కేంద్రమైన హాన్‌ఫర్డ్‌లో జరిగింది. పొగ పీల్చవలసినవారికే నివేదికలో ఏమున్నదో తెలియని పరిస్థితి ఏర్పడింది. గ్రామస్థుల సంఘం న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, అనువాదం లేకపోవడం వలన ప్రజలకు అర్థవంతంగా పాల్గొనే అవకాశం లేకపోయిందని 1991లో తీర్పు వెలువడింది. 1993లో కంపెనీ ప్రతిపాదనను ఉపసంహరించుకున్నది. భారతదేశంలో 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన కూడా స్థానిక భాషలో సారాంశాన్నే కోరుతుంది, పూర్తి నివేదికను కాదు.

2000 నాటి ఉత్తర్వు, దాని రద్దు

2000 ఆగస్టు 11న అధ్యక్షుడు బిల్ క్లింటన్ 13166 సంఖ్య గల ఉత్తర్వుతో కేంద్ర సంస్థలన్నీ భాషా సహాయ ప్రణాళికలు తయారు చేయాలని ఆదేశించాడు. 2002లో న్యాయశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు నాలుగు అంశాలను పరిశీలించమన్నాయి: ఆ భాష మాట్లాడేవారి సంఖ్య, వారు ఎంత తరచుగా వస్తారన్నది, సేవ ప్రాముఖ్యం, సంస్థకు గల వనరులు. పిల్లలను దుభాషులుగా వాడుకోవడాన్ని ఇవి నిరుత్సాహపరిచాయి. వలస కుటుంబాలలో ఇది సర్వసాధారణం కనుక ఈ సూచన అవసరమైనదే.

అంతకు ముందే, 2001లో, అలెగ్జాండర్ వర్సెస్ శాండోవల్ కేసులో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యతతో పౌరుల దావా హక్కును కుదించింది. అలబామా రాష్ట్రం డ్రైవింగ్ పరీక్షను ఇంగ్లీషులోనే నిర్వహించడం ఈ కేసుకు మూలం. ఉద్దేశపూర్వకమైన వివక్షను నిరూపించకుండా, కేవలం ప్రభావం ఆధారంగా వ్యక్తులు దావా వేయలేరని కోర్టు తేల్చింది.

2025 మార్చి 1న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ 13166 ఉత్తర్వును రద్దు చేశాడు. అమలులో ఉన్న సేవలను నిలిపివేయాలని మాత్రం కొత్త ఉత్తర్వు ఆదేశించలేదు. 1964 చట్టం శాసనం కనుక ఉత్తర్వుతో రద్దు కాదు. కాలిఫోర్నియాలో 1973 నాటి ద్విభాషా సేవల చట్టం వంటి రాష్ట్ర, నగర చట్టాలు కూడా దీనితో నిమిత్తం లేనివి.

తెలుగువారు

అమెరికాలోని తెలుగువారిలో ఉన్నత విద్యావంతులు ఎక్కువ. భాషా సహాయం అవసరం ముఖ్యంగా పిల్లల వద్దకు వెళ్ళి స్థిరపడిన వృద్ధ తల్లిదండ్రులకు కలుగుతుంది. 2017 చట్టం క్రింద న్యూయార్క్ నగరం ఎంచుకున్న 10 భాషలలో బెంగాలీ, ఉర్దూ ఉన్నవి, తెలుగు లేదు.